కాగజ్‌నగర్ దారి

మా చెన్నూరుకు రైలు లేదు. బస్సులో మంచిర్యాల పోయి బండెక్కాలె. అయినా సికింద్రాబాద్ డివిజన్ పటం నిండా మా ఇంటిమాటలే. సికిందర్ జా పేరున సికింద్రాబాద్. కాజీపేటలో కాజీ. ఆసిఫాబాద్ రోడ్డులో ఆసిఫ్‌జాహీలు. కాగితం మిల్లు పెడితే కాగజ్‌నగర్.

1929లో కాజీపేట-బల్లార్షా లైను పూర్తయింది. మద్రాసు, ఢిల్లీ దగ్గరైనయి. 1930లో నిజాం సర్కారు లండన్ కంపెనీ నుంచి రైల్వేను కొన్నది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది.

నిజాం రైలు అని మేం ఊరేగం. కట్ట మీద మట్టి మోసింది నవాబులు కాదు. మావాళ్లలోనూ ఖలాసీలున్నరు, ఆ మాటా అరబ్బీదే. అదే బండిలో టోపీ చూసి "మీదే దేశం?" అని అడిగేవాళ్ల టికెట్టు మీద ఏముంటది? కాజీపేట టు సికింద్రాబాద్.