తాళపత్రాలకు పలుకునిచ్చిన ప్రభాకరశాస్త్రి

సాహుకార్ల వలన పేరు పొందిన మన సౌకార్‌పేటలో లెక్క తప్పితే వ్యాపారం నిలువదు. అక్షరం విషయంలో అంతటి లెక్కను పాటించిన పండితులు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఈ చెన్నపురిలోనే చిరకాలం శ్రమించారు.

వారు 1888లో కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లిలో జన్మించారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి శిష్యులు. మెకంజీ, బ్రౌను దొరలు సేకరించిన ప్రతులు చేరిన చెన్నపురి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉద్యోగించారు. పురుగు తిన్న ఆకులు, చెరిగిన అక్షరాలు, లేఖకుల పొరపాట్లు! వీటి నడుమ పలు ప్రతులను పోల్చి కవి పలికిన మాటను నిర్ణయించడమే వారి తపస్సు.

పెదపాటి జగ్గన సంకలనం ఆధారంగా వారు 1918లో వెలువరించిన ‘ప్రబంధ రత్నావళి’ వలన, కావ్యాలు దొరకని కవుల పద్యాలు సైతం నిలిచాయి. జనుల నోళ్ళలోని చాటువులు ‘చాటుపద్య మణిమంజరి’లో చేరాయి. 1926లో పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణము’ వారి పరిష్కరణతో వెలువడింది. అమరావతి శిలపై గల ‘నాగబు’ అన్న పదం తెలుగేనని గుర్తించినవారూ వారే.

పిమ్మట తిరుపతిలో దేవస్థాన విద్యాసంస్థలలో బోధన, పరిశోధన సాగిస్తూ తాళ్ళపాక కవుల వాఙ్మయ ప్రచురణకు కృషి చేశారు. 1950 ఆగస్టు 29న పరమపదించారు.

చదివేవారు లేని తాళపత్రం కట్టెతో సమానం. 2006 నాటి చట్టంతో తమిళం నిర్బంధ పాఠ్యమైన ఈ రాష్ట్రంలో, ఇంట తెలుగు పలికే బిడ్డకు తెలుగు లిపి కూడా నేర్పడం తల్లిదండ్రులకూ పాఠశాలకూ ఉమ్మడి బాధ్యత. శాస్త్రిగారు కాపాడిన పద్యాలను మన పిల్లలు స్వయంగా చదువుకొన్ననాడే వారి ఋణం కొంతైనా తీరుతుంది.