హెలికోబ్యాక్టర్ పైలోరి: మూడు మందులు చాలనిచోట నాలుగు

సూరత్: కడుపులో పుండ్లకు ప్రధాన కారణమైన హెలికోబ్యాక్టర్ పైలోరి బ్యాక్టీరియాను నిర్మూలించేందుకు ఏళ్ల తరబడి వాడుతున్న మూడు మందుల చికిత్స గుజరాత్‌లో నమ్మదగినదిగా మిగలలేదు. మధ్య గుజరాత్ రోగుల నుంచి సేకరించిన నమూనాలపై 2014లో వెలువడిన అధ్యయనంలో దాదాపు 84 శాతం మెట్రోనిడజోల్‌కు, 59 శాతం క్లారిత్రోమైసిన్‌కు లొంగలేదు. క్లారిత్రోమైసిన్ నిరోధకత 15 శాతం దాటిన చోట, ముందుగా పరీక్షించకుండా ఆ మందుపై ఆధారపడరాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

సూరత్ మరమగ్గాలపై పనిచేసే వేలాది తెలంగాణ నేత కుటుంబాలకు సొంతూరు వెళ్లినా పరిస్థితి పెద్దగా మారదు. హైదరాబాద్ సహా పలు నగరాల నుంచి సేకరించిన 259 నమూనాలపై 2003లో ప్రచురితమైన అధ్యయనంలో మెట్రోనిడజోల్ నిరోధకత 77.9 శాతంగా, క్లారిత్రోమైసిన్ నిరోధకత 44.7 శాతంగా తేలింది. విరేచనాలు కాగానే దుకాణంలో మెట్రోనిడజోల్ కొని రెండు రోజులు మింగి మానేసే అలవాటుకు ఇందులో వాటా ఉంది.

ఈ బ్యాక్టీరియాను 1982లో ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ గుర్తించారు. 2005లో వారికి నోబెల్ బహుమతి దక్కింది. దీన్ని క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ప్రకటించింది.

ఇది జఠర గోడపై ఉండే జిగురు పొరలో దాగి, యూరియేజ్ అనే ఎంజైముతో చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తటస్థం చేసుకుంటుంది. ఆమ్లం ఎక్కువగా ఉన్నప్పుడు విభజన మందగిస్తుంది. విభజన జరిగే దశలో పనిచేసే అమోక్సిసిలిన్ వంటి మందులకు అప్పుడు పట్టు చిక్కదు. అందుకే ప్రతి చికిత్సలోనూ ఆమ్లాన్ని తగ్గించే మాత్ర తప్పనిసరి.

నిరోధకత ఉన్నప్పుడు రెండు మందుల తీరు ఒకటి కాదు. క్లారిత్రోమైసిన్‌కు అలవాటుపడిన బ్యాక్టీరియాపై మోతాదు పెంచినా ఫలితం ఉండదు. మెట్రోనిడజోల్ విషయంలో మాత్రం మోతాదు, రోజులు పెంచితే నిరోధకతను కొంతమేరకు అధిగమించవచ్చు. ఆమ్లాన్ని తగ్గించే మాత్ర, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్‌లతో 14 రోజులు సాగే నాలుగు మందుల చికిత్సకు ప్రాధాన్యం పెరగడానికి ఇదొక కారణం. బిస్మత్‌కు నిరోధకత ఏర్పడటం దాదాపు కనిపించదు.

ఈ చికిత్స సులువు కాదు. రోజుకు నాలుగు వేళలు మాత్రలు వేసుకోవాలి. రాత్రి, పగలు షిఫ్టులు మారే కార్మికునికి అది నిజంగానే కష్టం. నోరు చేదుగా, లోహపు రుచితో ఉంటుంది, మలం నల్లబడుతుంది. ఇది బిస్మత్ ప్రభావమే అయినా రక్తస్రావమని భయపడి మందు ఆపేసేవారుంటారు. అయితే మలం తారులా జిగటగా ఉండి, కళ్లు తిరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. టెట్రాసైక్లిన్‌ను పాలతో తీసుకోరాదు. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు అది తగదు. మెట్రోనిడజోల్ వాడే రోజుల్లో మద్యం ముట్టరాదు.

ఒకసారి విఫలమైన కూర్పునే మళ్లీ రాయించుకోవడం వృథా. కాబట్టి సూరత్‌లో చికిత్స మొదలుపెట్టి కరీంనగర్‌లోనో నల్గొండలోనో కొనసాగించేవారు పాత చీటీలను వెంట ఉంచుకోవాలి. గతంలో ఇతర జబ్బులకు వాడిన యాంటీబయాటిక్‌లనూ వైద్యునికి చెప్పాలి.

నొప్పి తగ్గినంత మాత్రాన బ్యాక్టీరియా పోయినట్లు కాదు. మందులు ముగిసిన కనీసం నాలుగు వారాల తర్వాత శ్వాస పరీక్ష గానీ మల పరీక్ష గానీ చేయించాలి. దానికి రెండు వారాల ముందే ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు ఆపాలి. రక్తంలోని యాంటీబాడీలు నయమైన తర్వాత కూడా నెలల తరబడి ఉంటాయి గనుక రక్తపరీక్ష ఇందుకు పనికిరాదు.