వేలానికెక్కిన ఆఫీసు కుర్చీ

నాలుగు పుల్లలను చతురస్రంగా మేకులతో బిగించి ఒక మూల నెట్టి చూడండి, పక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రిభుజాన్ని నెట్టండి, కదలదు. చండీగఢ్ కుర్చీ గట్టితనంలో ఈ సూత్రం పాలు చాలా ఉంది. దాని ముందు కాలు, వెనుక కాలు చేతిపట్టె కింద కలుసుకుంటాయి. కూర్చునే పలక పక్కనున్న అడ్డకర్ర వాటిని కలిపి త్రిభుజంగా బిగిస్తుంది.

దేశ విభజనలో లాహోరు పాకిస్తాన్‌కు పోవడంతో మన పంజాబుకు కొత్త రాజధాని కావలసి వచ్చింది. 1951లో ఆ నగర నిర్మాణ బాధ్యత ల కార్బూజియే చేపట్టాడు. ఆయన బంధువు పియర్ జానరే మాత్రం 1965 దాకా అక్కడే ఉండిపోయాడు. కొత్త భవనాలకు వేల సంఖ్యలో కుర్చీలు, బల్లలు అవసరమయ్యాయి. జానరే, యూలీ చౌధురి తదితర వాస్తుశిల్పులు స్థానిక వడ్రంగులు చేయగలిగిన రూపాలనే ఎంచుకున్నారు. టేకులోని సహజ తైలాలు చెదలను దరి చేరనివ్వవు. పేము అల్లికలోంచి గాలి ఆడుతుంది. పంజాబు ఎండలకు ఇంతకంటే ఏం కావాలి?

కాలక్రమంలో కాళ్లు వదులై, అల్లిక తెగి, అవి డాబాల మీదికీ గోదాములకూ చేరాయి. పాత సామానుగా వేలం వేస్తే చవకగా కొన్న విదేశీ వ్యాపారులు వాటిని బాగుచేయించి లక్షల రూపాయలకు అమ్మారు. 2011లో కేంద్ర హోం శాఖ ఈ వారసత్వ సామగ్రి అమ్మకాన్ని, ఎగుమతిని ఆపాలని ఆదేశించింది. కానీ 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు అనిపించుకోవాలంటే సాధారణంగా 100 ఏళ్లు నిండాలి. ఈ కుర్చీలకు ఆ వయసు లేదు!

బాగుచేయడం కూడా చిక్కైన పనే. పేము బద్దలను నీళ్లలో నానబెట్టి అల్లితే, ఆరాక బిగుసుకుంటాయి. ఇందులో తప్పులేదు, ఆఫీసుల్లోనూ అల్లిక మార్చడం మామూలే. నాకు అభ్యంతరం గరుకు కాగితంతోనే. కొన్నవాళ్ల ముచ్చట కోసం కొయ్యను నున్నగా రుద్దేస్తే ఉలి గాట్లు, పాత మెరుగు, చేతులు ఆని నల్లబడిన మచ్చలు పోతాయి. కుర్చీ ఏ విభాగానిదో తెలిపే రంగు అక్షరాలూ, అంకెలూ చెరిగిపోతాయి. చాలా కుర్చీల మీద వడ్రంగి పేరు మొదటే లేదు. అసలు కుర్చీని నకలు నుంచి వేరుచేయడానికి నిపుణులు ముందుగా వెతికే ఆనవాళ్లలో ఆ వంకర అక్షరాలు కూడా ఉన్నాయి.