చాందా రాజమహల్: మన ఇల్లు జైలైన కథ

బెల్లంపల్లిలో రైలెక్కి బల్లార్షా వైపు పోతే ఆసిఫాబాద్ రోడ్, కాగజ్‌నగర్, సిర్పూర్ టౌన్, మాణిక్‌గఢ్, బల్లార్షా, ఆ తర్వాత చంద్రపూర్ వస్తాయి. మన పెద్దలు ఇప్పటికీ చంద్రపూర్‌ను చాందా అనే పిలుస్తారు. ఊరి పేరు 1964లో మారింది గానీ వాళ్ల నోట మారలేదు. చైత్రమాసంలో మహాకాళి జాతరకు, మిగతా రోజుల్లో చుట్టాల ఇళ్లకు, పెళ్లిళ్లకు ఈ దారిన తిరగని కుటుంబం మనలో తక్కువ. కానీ ఈ స్టేషన్ల వరుసలోనే గోండు రాజుల కథ ఉన్నదని పిల్లలకు చెప్పేవాళ్లు మరీ తక్కువ.

సంప్రదాయం ప్రకారం భీమ బల్లాలసింగ్ రాజధాని సిర్పూర్. ఆయనకు అండ మాణిక్‌గఢ్ కొండకోట. అది రైల్వే స్టేషన్ పక్కన ఉండదు, లోపల అడవిలో కొండ మీద ఉంటుంది. 1956 వరకు ఆ కోట ఉన్న రాజురా తాలూకా మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. తర్వాత రాజధాని వార్ధా నది ఒడ్డున బల్లార్షాకు, అక్కడి నుంచి చాందాకు మారింది. ఈ వ్యాసం ఆ చివరి రాజధానిలోని రాజుగారి ఇంటి గురించి.

చాందా ఎట్లా పుట్టిందో మన పెద్దలు చెప్పే కథ ఇది. ఖాండ్క్యా బల్లాల్‌షాకు ఒళ్లంతా కురుపులు. వేటకు పోయి దప్పికతో జర్పట్ వాగులో ఒక గుంట నీళ్లు తాగి, ముఖం కడుక్కున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది, కురుపులు మానిపోయాయి. ఆ నీటి దగ్గరే అచలేశ్వర గుడి వెలిసింది. మరోరోజు అక్కడే నుదుట తెల్ల మచ్చ ఉన్న ఒక కుందేలు రాజుగారి వేటకుక్కను తరిమిందట. కుక్క కుందేలును తరమడం కాదు, కుందేలే కుక్కను తరిమింది! ఆ రెండూ పరుగెత్తిన దారి వెంబడే కోట గోడ కట్టించమని సలహా ఇచ్చింది రాణి. కథలో ఎంత నిజమున్నా, రోగం తగ్గించిన నీళ్లు, రాణి మాట, ఒక చిన్న జంతువు ధైర్యం, ఈ మూడింటి మీద మనవాళ్లు తమ నగరానికి పునాది చెప్పుకున్నారన్నది గమనించాలి.

గోడ ఒక్క తరంలో పూర్తి కాలేదు. తర్వాతి రాజులు కట్టుకుంటూ పోయారు. ఉత్తరాన జట్‌పురా, తూర్పున అచలేశ్వర్, దక్షిణాన పఠాన్‌పురా, పడమర బిన్‌బా అని నాలుగు పెద్ద దర్వాజాలు. మనుషులు నడిచిపోవడానికి ఖిడ్కీలు అనే చిన్న ద్వారాలు మరో ఐదు. దర్వాజాల మీద ఏనుగును అణచిన సింహం చెక్కి ఉంటుంది. అది గోండు రాజుల ముద్ర. ఇవాళ మన సభల బ్యానర్ల మీద వేసుకుంటున్న బొమ్మ అక్కడి నుంచి వచ్చిందే. ఊరి లోపల రామాళా చెరువు, పక్కన జర్పట్, ఇరై నదులు. నీళ్లకు కొదువ లేకుండా చూసుకుని కట్టిన ఊరు అది. బీర్‌షా చనిపోయిన తర్వాత ఆయన రాణి హిరాయి కట్టించిన సమాధి అచలేశ్వర గుడి పక్కన ఉంది. ఇప్పుడు మనం జాతరకు పోయే మహాకాళి గుడి కూడా ఆమె కట్టించిందే.

ఈ గోడ లోపల, మరో గోడ చాటున, రాజమహల్ ఉండేది. 1751లో నాగ్‌పూర్ భోంస్లేలు చాందాను కలుపుకున్నారు. చివరి రాజు నీలకంఠ్‌షాను బల్లార్షా కోటలో బంధించారు. తాతముత్తాతల రాజధాని మనవడికి చెరసాల అయింది. 1818 మే నెలలో ఇంగ్లిషు సైన్యం ఫిరంగులతో గోడ పగలగొట్టి చాందాలోకి దూరింది. మళ్లీ భోంస్లేల పేరనే పాలన సాగింది. 1853లో భోంస్లే రాజు వారసుడు లేకుండా చనిపోగా, ఆ మరుసటి ఏడు రాజ్యమంతా కంపెనీ చేతికి పోయింది.

రాజులు లేని రాజమహల్‌ను కొత్త దొరలు ఏం చేస్తారు? జైలు చేశారు. అందులో ఆశ్చర్యపడేదేమీ లేదు. ఎత్తైన రాతి గోడలు, కాపలాకు అనువైన ద్వారం, ఊరి నడుమ చోటు. శత్రువు లోపలికి రాకుండా కట్టినవన్నీ ఖైదీ బయటికి పోకుండా ఆపడానికి పనికొచ్చాయి.

మనకు మరింత దగ్గరి కథ ఆ తర్వాతిది. అహేరి దగ్గరి మొలంపల్లి జమీందారు కుటుంబంలో 1833 మార్చి 12న పుట్టిన బాబూరావు షెడ్మాకే, పాతికేళ్లు నిండుతున్న వయసులో గోండు యువకులను కూడగట్టి 1858లో కంపెనీ మీద తిరగబడ్డాడు. నెలల తరబడి అడవిలో పోరాడాడు. చివరికి అహేరి జమీందారిణి లక్ష్మీబాయి మనుషులే పట్టి ఇచ్చారు. ఇది చెప్పుకోవడానికి కష్టంగా ఉన్నా దాచవలసిన సంగతి కాదు. 1858 అక్టోబర్ 21న చాందా జైలు ఆవరణలోని రావి చెట్టుకు ఆయనను ఉరితీశారు. గోండు రాజు మహల్ ముంగిట గోండు యువకుని ఉరి. ఏటా ఆ రోజున మనవాళ్లు అక్కడికి చేరి జోహార్లు చెప్తారు.

మేము మొదటిసారి ఆ గేటు ముందుకు పోయినప్పుడు కాపలా జవాను మర్యాదగానే అడిగాడు, ములాఖత్ కోసమా, లోపల మీవాళ్లెవరైనా ఉన్నారా అని. ఏం చెప్పాలో తోచలేదు. ఉన్నారని చెప్తే పేరు అడుగుతాడు. లేరని చెప్పడానికి నోరు రాలేదు.

జైలును వేరే చోటికి మార్చి మహల్‌ను మ్యూజియం చేయాలని మనలో కొందరి మాట. మంచిదే. అయితే జైలు గోడలు కూల్చి, సున్నం కొట్టి, ఒట్టి రాజవైభవం చూపించే మ్యూజియం మాకు వద్దు. మహల్ ఎంత మనదో రావి చెట్టు అంతకంటే ఎక్కువ మనది. ఇంకో మాట. ప్రభుత్వానికి రోజూ అవసరం పడింది కాబట్టే ఆ చోటును ఎవరూ ఆక్రమించలేదు, అక్కడి రాళ్లు ఇళ్ల పునాదుల్లోకి పోలేదు. జైలు ఆ ఇంటిని మనకు కనపడకుండా చేసింది, అదే జైలు దాన్ని మిగిల్చింది కూడా. ఎవరికీ పని పడని కోటలు ఎట్లా కూలుతున్నాయో సిర్పూర్‌లో దిగి చూస్తే తెలుస్తుంది.

2017లో ఎకో-ప్రో అనే చంద్రపూర్ సంస్థ యువకులు పలుగూ పారా పట్టుకుని కోట గోడ మీది పొదలు, చెత్త తీయడం మొదలుపెట్టారు. నెలల తరబడి తీశారు. ఇప్పుడు గోడ మీద చాలా దూరం నడవొచ్చు. ఈసారి జాతరకు పోయినప్పుడు దర్శనం అయ్యాక ఒక పూట ఉండండి. రాణి హిరాయి కట్టించిన సమాధి, అచలేశ్వర గుడి చూసి, జట్‌పురా దర్వాజా దగ్గర తలెత్తి సింహాన్ని చూడండి. జైలు గోడ దగ్గరికి వచ్చాక ఫోన్లు తీయకండి, ఫోటోలు తీయనివ్వరు. ఒక్క నిమిషం నిలబడి రండి. పక్కన చిన్న పిల్లలుంటే అది ఎవరి ఇల్లో గోండిలోనే చెప్పండి. ఇంటికి మన భాషలో 'రోన్' అనే మాట ఉన్నది కదా.