నిఘంటువులో లేదంటే తెలుగు కాదా?
(మాటల వెనక చరిత్ర – 14)

పీహెచ్‌డీ రోజుల్లో నా సిద్ధాంత గ్రంథంలో ఒకచోట 'లంద' అని రాశాను. తోళ్లు నానబెట్టే తొట్టి. మా తాత రోజూ అనే మాట. చదివిన పెద్దాయన "ఏ నిఘంటువులో ఉందయ్యా ఇది?" అన్నారు. నేను వెతకలేదు, వాదించలేదు. కొట్టేసి 'తొట్టి' అని రాశాను. ఆ కొట్టివేత ఇప్పటికీ గుచ్చుతుంది.

ఇవాళ నా విద్యార్థులు ఫోన్లో ఆంధ్రభారతి తెరిచి ఒక్క మాట కొడితే ఎన్నో నిఘంటువులు ఒకేసారి పలుకుతాయి. షికాగో విశ్వవిద్యాలయం డిజిటల్ నిఘంటువుల్లో బ్రౌన్, గ్విన్ ఇద్దరూ ఉచితంగా దొరుకుతారు. బీరువా తాళం కోసం పడిగాపులు పడ్డవాణ్ణి, దాని విలువ నాకు తెలుసు.

కానీ మొన్న క్లాసులో ఒక అమ్మాయి, "సార్, ఈ మాట నెట్‌లో రాలేదు. మా అమ్మ తప్పు చెప్పిందేమో" అంది. నా గుండె జారింది.

అందుకే ఈ చరిత్ర చెప్తున్నా. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది. జీతాలిచ్చి పండితులను పెట్టుకున్న కంపెనీ ఉద్యోగి ఆయన. అయినా వాడుక మాటలకు చోటిచ్చాడు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. దానికి కావ్యభాషే ప్రమాణం. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పిఠాపురం రాజా డబ్బు పెట్టాడు, గ్రాంథికవాదుల నాయకుడు జయంతి రామయ్య పంతులు పూనుకున్నాడు.

మరి పనిచేసే చేతుల మాటలు? భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. బ్రౌన్ తర్వాత 110 ఏళ్లకు! చేనేత పదాలు 1971 దాకా ఆగాయి. ఊళ్లకు పోయి, ఆ పని చేసేవాళ్లనే అడిగి రాసిన పుస్తకాలవి. అడిగితే చెప్పారు. అంతకుముందు అడిగినవాళ్లెవరు?

ఫోన్ తెరమీద ఈ పుస్తకాలన్నీ ఒకే వరసలో, ఒకే అక్షరాల్లో కనిపిస్తాయి. ఎవర్ని అడిగి రాశారన్నది కనపడదు. అది మనమే చూసుకోవాలి. మాట దొరక్కపోతే, ఆ నిఘంటువు మన వాడకు రాలేదనే అర్థం. అమ్మ తప్పు చెప్పిందని కాదు.

ఆ అమ్మాయికి ఒక పని చెప్పాను: మాట, అర్థం, ఊరు, చెప్పినవాళ్లు చేసే పని, తేదీ రాసి, అమ్మ గొంతు రికార్డు చెయ్యమన్నాను. ఆధారమంటే అదే. మీరూ చెయ్యండి.

నా గ్రంథం పుస్తకంగా వచ్చేటప్పుడు 'తొట్టి' కొట్టేస్తాను. 'లంద' అనే రాస్తాను.

జై భీమ్.