బాయి షిఫ్టుకు అందిన డిగ్రీ: రాంరెడ్డి వేసిన దారి

బొగ్గు బాయిల మీద బతికే ఊరికి పగటి కాలేజీ ఒక్కటే ఉంటే చాలదు. 1920ల చివర్లో గనులు మొదలయ్యాక పెరిగిన బెల్లంపల్లి అలాంటి ఊరు. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు మారుతూ పోతుంటే, ఉదయం పది గంటల క్లాసుకు ఏడాది పొడవునా పోవడం బాయి దిగే మనిషికి అయ్యే పని కాదు. ఇంటి మనిషి డ్యూటీని బట్టి వంటావార్పూ నడిపే ఆడవాళ్లకూ అంతే. పదో తరగతితో చదువాపి పనిలో చేరినవాడికి ఇంటర్ లేదు కనుక డిగ్రీ ఊసే లేదు. హాజరు, వేళ, అర్హత అనే ఈ మూడు అడ్డంకులనూ ఒకేసారి తొలగించే ప్రయత్నం మన దేశంలో మొదట ఆంధ్రప్రదేశ్‌లోనే, 1982లో జరిగింది. దాన్ని నిలబెట్టిన ఆచార్య గడ్డం రాంరెడ్డి ఇంజనీరు కాదు, రేడియో, టీవీ నిపుణుడూ కాదు. ఆయన రాజనీతి, ప్రభుత్వ పాలనా శాస్త్రవేత్త. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇక్కడ వేళ్లూనుకోవడానికి సాంకేతికత కన్నా ఆయన జీవితమంతా పరిశోధించిన ఆ శాస్త్రమే ఎక్కువ కారణమని నేను భావిస్తున్నాను.

రాంరెడ్డి 1929లో కరీంనగర్ జిల్లా మైలారంలో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఆయన ప్రధానంగా పట్టుకున్న విషయం పంచాయతీ రాజ్. 1959లో రాజస్థాన్ తర్వాత ఆ వ్యవస్థను అమలుకు తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. రాజధానిలో తీసుకున్న నిర్ణయం సమితి దాకా, ఊరి దాకా ఎలా చేరుతుంది, దారిలో ఎక్కడ ఆగిపోతుంది, ఎవరికి అందకుండా పోతుంది అన్నవే ఆ అధ్యయనంలోని అసలు ప్రశ్నలు. వివిధ రాష్ట్రాల పంచాయతీ వ్యవస్థల మీద ఆయన సంపాదకత్వంలో 1977లో ఒక గ్రంథం వచ్చింది. అదే ఏడాది ఆయన ఉస్మానియాకు వైస్ చాన్సలర్ అయ్యారు. కరస్పాండెన్స్ కోర్సుల సంస్థ కూడా అక్కడ 1977లోనే మొదలైంది. ఈ రోజు అది ఆయన పేరుతోనే దూరవిద్యా కేంద్రంగా నడుస్తోంది. ఒకే మనిషి చేతిలో ఈ రెండు పనులూ కలవడాన్ని యాదృచ్ఛికంగా తీసిపారేయలేం. సర్కారు సేవ గడప దాకా రావాలని వాదించిన పండితుడికి, సర్కారు డబ్బుతో నడిచే చదువు మాత్రం పట్నంలోనే ఆగిపోవడం కనబడకుండా ఎలా ఉంటుంది?

భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా, 1982 ఆగస్టు 26న నాగార్జునసాగర్‌లో రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించారు. రాంరెడ్డి దానికి తొలి వైస్ చాన్సలర్. ఆ విశ్వవిద్యాలయం ఎలా పనిచేసిందో చూస్తే పంచాయతీ రాజ్ పండితుడి చెయ్యి తెలిసిపోతుంది. జిల్లాల్లో కొత్త భవనాలు కట్టే దాకా ఆగలేదు. అప్పటికే ఉన్న డిగ్రీ కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టి, సెలవు రోజుల్లో అక్కడి గదులనే వాడుకుంది. అక్కడి లెక్చరర్లకే పాఠం విప్పి చెప్పే బాధ్యత అప్పగించింది. ఇంటర్ లేనివారికి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చోటిచ్చింది. రేడియో పాఠాలు తోడున్నా ప్రధాన సాధనం అచ్చు పుస్తకమే, అదీ తెలుగులో. ఆ పుస్తకం తీరు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ప్రతి యూనిట్ ముందూ అది చదివాక ఏం తెలియాలో రాసి ఉంటుంది. విషయం చిన్న చిన్న భాగాలుగా, అంకెలు వేసి సాగుతుంది. మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగి, జవాబు రాసుకోవడానికి ఖాళీ గీతలు వదులుతుంది. సరిచూసుకునే జవాబులు చివర్లో దొరుకుతాయి. నైట్ షిఫ్టు దిగి వచ్చి అరగంట చదివి పడుకునేవాడు మర్నాడు ఎక్కడ ఆగాడో అక్కడ నుంచి అందుకోగలడు. పంతులు పక్కన లేడన్న సంగతిని లెక్కలోకి తీసుకుని రాసిన పుస్తకమది.

ఇదంతా బ్రిటన్ నుంచి దిగుమతి చేసుకున్నదే కదా అని ఒక అభ్యంతరం ఉంది. 1969లో ఏర్పడిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ మాదిరి మన ముందు ఉన్న మాట నిజమే. కానీ అక్కడి సంస్థకు దేశమంతా వినిపించే బీబీసీ అండగా నిలిచింది. విద్యార్థి ఇంటి భాషా విశ్వవిద్యాలయ భాషా ఒకటే. ఇక్కడ 1982 నాటికి చాలా పల్లెల్లో టీవీ లేదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా ప్రాంతంలో తెలుగులో ఉన్నత విద్య అప్పటికి కొత్త సంగతి. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలకు పదజాలాన్ని సమకూర్చడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లే అయింది. మాదిరి బయటిదైనా భాష, పుస్తకం, జిల్లా కాలేజీ, స్థానిక లెక్చరర్ అన్నీ ఇక్కడివే. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్‌గా రాంరెడ్డినే పిలవడానికి కారణం కూడా ఈ అనుభవమే అని చెప్పవచ్చు. ఇక్కడ పరీక్షకు నిలిచిన పద్ధతి అక్కడ దేశమంతటికీ విస్తరించింది.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. క్లాసు లేని డిగ్రీకి విలువేమిటి, చేరినవాళ్లలో ఎంతమంది పూర్తి చేస్తున్నారు అని అడుగుతారు. మధ్యలో మానేసేవాళ్లు చాలామంది ఉన్నారన్నది కాదనలేం. లేబొరేటరీ కావలసిన చదువుకు పుస్తకం ఒక్కటే చాలదన్నదీ ఒప్పుకోవాలి. అయితే నాణ్యత మీద అశ్రద్ధ రాంరెడ్డి ఆలోచనలో భాగమని అనడం అన్యాయం. 1991 నుంచి 1995 వరకు యూజీసీ అధ్యక్షుడిగా ఉన్న ఆయన హయాంలోనే, 1994లో, కాలేజీల ప్రమాణాలను తూచే న్యాక్ బెంగళూరులో ఏర్పడింది. ఆయనలాగే పాలనా శాస్త్రం నుంచి వచ్చి, ఈ సార్వత్రిక విశ్వవిద్యాలయానికే వైస్ చాన్సలర్‌గా పనిచేసిన వి.ఎస్. ప్రసాద్ తర్వాతి కాలంలో ఆ న్యాక్‌కే డైరెక్టర్ అయ్యారు. తలుపు తెరవడమూ, లోపలి చదువును తూకం వేయడమూ ఒకే బాధ్యతకు రెండు వైపులని ఈ పరంపర చెబుతోంది.

మూడో మాట కూడా వినిపిస్తుంది: కాలేజీలు కట్టే ఖర్చు తప్పించుకోవడానికి సర్కార్లు దూరవిద్యను అడ్డం పెట్టుకుంటాయని. ఆ ప్రమాదం ఉంది. కానీ దానికి విరుగుడు కూడా రాంరెడ్డి పద్ధతిలోనే ఉంది. స్టడీ సెంటర్ జిల్లా కాలేజీలో ఉంటుంది కనుక, అక్కడ లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉంటే దూరవిద్యా పడిపోతుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనడానికి వీల్లేదు. రెండూ కలిసే బతకాలి, కలిసే బలపడాలి.

రాంరెడ్డి 1995లో కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన విశ్వవిద్యాలయం 1991 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో నడుస్తోంది. ఇప్పుడు పాఠాలు ఫోన్‌లోకి వచ్చాయి కనుక స్టడీ సెంటర్ల అవసరం తీరిందని ఎవరైనా అంటే, ఈ చరిత్రను సరిగ్గా చదవలేదనే అర్థం. పాఠం పంపడం అప్పుడూ తేలికే, పోస్టు చాలు. అడిగిన సందేహానికి జవాబిచ్చే మనిషిని, పరీక్ష రాసే గదిని, సొంత భాషలో పుస్తకాన్ని బెల్లంపల్లి వంటి ఊళ్ల దాకా చేర్చడమే కష్టమైన పని. అది పాలనకు సంబంధించిన పని. దానికి బడ్జెట్ కావాలి, పోస్టులు కావాలి, జవాబుదారీ కావాలి. వీటిని అడిగే హక్కు బాయి కార్మికుల పిల్లలకు ఉందని గుర్తించడమే రాంరెడ్డి కృషికి మనం ఇవ్వగల సరైన గౌరవం.