జెనీవా దస్తావేజులో పదకొండో పేరా

మన నిఖాల్లో ఖుత్బా అయిపోగానే చుహారేలు పంచుతారు కదా, ఆ ఎండు ఖర్జూరాల కోడ్ నంబరు నాకు నోటికొచ్చు. 080410. లోకంలో అమ్ముడయ్యే ప్రతి సరుకుకీ ఇట్లా ఆరంకెల నంబరు ఒకటుంది. కస్టమ్స్ వాళ్లు మహసూల్ లెక్కేసేది దాన్ని బట్టే.

2019 ఎండాకాలంలో జెనీవాలోని ఒక అంతర్ ప్రభుత్వ సంస్థలో తిజారత్ విధానాల విభాగానికి ఇంటర్న్‌గా వెళ్లాను. ఇంటర్న్ అంటే ఏందో మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. దాదీ మాత్రం "షాగిర్దా?" అనడిగింది. అంతకన్నా సరైన మాట నాకూ దొరకలేదు. పొద్దున మీటింగుల్లో వెనక వరసలో కూర్చుని నోట్స్ రాసుకోవడం, మధ్యాహ్నం సుంకాల పట్టికలు సరిచూడటం. పెద్ద పెద్ద రాజీలు మన కళ్ల ముందే జరిగిపోతాయనుకుని వెళ్తే, ఒక కామా ఉండాలా వద్దా అని గంటన్నర బహస్ నడిచేది.

రెండో వారంలో మా పై ఆఫీసరు నాకో పని అప్పజెప్పింది. 1947 నాటి గాట్ ఒప్పందంలో 'అత్యంత అనుకూల దేశం' సూత్రానికి ఎక్కడెక్కడ మినహాయింపులున్నాయో ఫెహరిస్త్ తయారు చేయమంది. ఈ సూత్రం పేరు గొప్పగా ఉంటుంది గానీ సంగతి సాదాదే. ఒక దేశం సరుకుకి సుంకం తగ్గిస్తే ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటికీ తగ్గించాలి. ఎవరినీ ప్రత్యేకంగా నెత్తిన పెట్టుకోకూడదని అసలు అర్థం. పేరేమో దానికి ఉల్టా. ఉర్దూలో ఇది 'పసందీదా ముల్క్' అయి కూర్చుంది. 2011లో పాకిస్తాన్ ఈ హోదా ఇండియాకి ఇస్తామని సూత్రప్రాయంగా ఒప్పుకుని కూడా అమలు చేయలేకపోయింది. తర్వాత 'వివక్ష లేని మార్కెట్ ప్రవేశం' అని పేరు మార్చి చూశారు. అదీ ముందుకు సాగలేదు. ఒక తర్జుమా ఎంత పని చేస్తుందో చూడండి.

ఫెహరిస్త్ రాస్తూ ఇరవై నాలుగో అధికరణం చివరికొచ్చాను. పదకొండో పేరా. చదివి, మళ్లీ చదివి, కుర్చీలో వెనక్కి వాలిపోయాను. దాని సారం ఇది: ఇండియా, పాకిస్తాన్ వేరు దేశాలుగా ఏర్పడ్డ అసాధారణ హాలాత్‌ని గమనించి, అవి చాలాకాలం ఒకే ఆర్థిక వ్యవస్థగా బతికాయని గుర్తించి, వాటి మధ్య వ్యాపార సంబంధాలు ఒక పక్కా రూపానికి వచ్చేదాకా ఆ రెండూ తమలో తాము ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవడానికి ఈ ఒప్పందం అడ్డు రాదు.

తారీఖులు చూస్తే ఇది ఎట్లా వచ్చిందో అర్థమవుతుంది. జెనీవాలో చర్చలు మొదలైంది 1947 ఏప్రిల్‌లో. అప్పటికి పాకిస్తాన్ అనే ముల్క్ లేదు. అక్టోబర్ 30న 23 దేశాలు దస్తఖత్ చేసే వేళకి రెండు దేశాలున్నాయి, రెండూ దస్తఖత్ చేశాయి. సుంకాల పట్టికల్లో ఇండియాది పన్నెండోది, పాకిస్తాన్‌ది పదిహేనోది. జనం రైళ్లలో, కాఫిలాల్లో సరిహద్దు దాటుతున్న ఆ నెలల్లోనే, సరస్సు ఒడ్డున ఎవరో కూర్చుని ఈ పేరా రాశారు. ఒట్టి దయతో రాసింది కాదిది. జనపనార తూర్పు బెంగాల్‌లో పండేది, దాన్ని నేసే మిల్లులు కలకత్తా చుట్టూ ఉండేవి. పొలం ఒక దేశంలో, మగ్గం ఇంకో దేశంలో పడ్డాయి.

మరి మన హైదరాబాద్? ఆ దస్తఖత్‌ల నాటికి అటూ లేదు, ఇటూ లేదు. నిజాం రియాసత్‌కి సొంత కస్టమ్స్ శాఖ ఉండేది, కరోడ్‌గిరి అని. దాదీకి బాగా యాదుంది. బెజవాడ నుంచి వస్తుంటే నాకా దగ్గర గుడ్డల మూట విప్పించి చూసేవాళ్లట. ఆమె ఆపా నిఖా అయి కరాచీ వెళ్లిపోయింది. దాదీ లెక్కలో మనుషుల సర్హద్‌లు తర్వాతొచ్చాయి, మూటల సర్హద్‌లు ముందునుంచే ఉన్నాయి.

ఆ పేరా ఇచ్చిన వీలుని ఎంత వాడుకున్నారు? చాలా తక్కువ. 1948 మార్చి 1 నుంచే ఇండియా కస్టమ్స్ లెక్కల్లో పాకిస్తాన్ పరాయి దేశమైంది. 1949 సెప్టెంబర్‌లో ఇండియా రూపాయి విలువ తగ్గించింది, పాకిస్తాన్ తగ్గించలేదు. ఎవరి రూపాయికి ఎంత అన్న జగ్డాలో వ్యాపారం దాదాపు నిలిచిపోయి, 1951లో గానీ మళ్లీ ఒప్పందం కుదరలేదు. నా మటుకు నాకు అసలు తెగింపు అక్కడే జరిగిందనిపిస్తుంది. యుద్ధాలు తర్వాత వచ్చాయి. 1965 జంగ్‌తో బందైన తిజారత్ మళ్లీ మొదలవడానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. 1996లో ఇండియా పాకిస్తాన్‌కి అనుకూల దేశం హోదా ఇచ్చింది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత దాన్ని వెనక్కి తీసుకుని, అక్కడి సరుకు మీద 200 శాతం సుంకం వేసింది. అప్పటిదాకా మనకి చుహారేలు ఎక్కువగా వచ్చింది సింధ్ నుంచే. నేను జెనీవాలో ఉండగానే, ఆగస్టులో, పాకిస్తాన్ కూడా తన వైపు నుంచి వ్యాపారం ఆపేసింది. 2025 మేలో ఇండియా అక్కడి దిగుమతులన్నీ నిషేధించింది.

పదకొండో పేరా మీద నేను పేజీన్నర రాశాను. పై ఆఫీసరు చదివి, బాగుందని చెప్పి, రెండు లైన్లుగా కుదించి ఫుట్‌నోట్‌లో పెట్టింది. ఎవరూ వాడని మినహాయింపుకి పేజీన్నర ఎందుకని అడిగింది. జవాబు తట్టలేదు. పేరాని ఒప్పందం నుంచి ఎవరూ తీసేయలేదు, ఇప్పటికీ అక్కడే ఉంది.

తిరిగొచ్చాక ఆ డిసెంబర్‌లో చెల్లెలి నిఖా. చుహారేల కోసం బేగంబజార్ వెళ్లాను. ధర విని అబ్బా మొహం చిట్లించారు. మాల్ ఎక్కడిదని అడిగితే దుకాణదారు దుబాయ్ మీదుగా వచ్చిందన్నాడు. ఏ చెట్టుకి కాసిందో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఐదు కిలోలు తూయించుకుని వచ్చాం.